లక్కీకి గీసిన గిరి

పొమరేనియన్ అనే మాట వినబడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మీరు కుక్కల్ని ముద్దు చేసేవాళ్లయితే ఈ పేజీలు తిప్పేసి ముందుకు వెళ్లిపోండి, నాకేం బాధ లేదు. మిగిలినవాళ్లు కాస్త స్థిమితంగా కూర్చోండి. రెండు చేతుల్లో పట్టేంత కుక్క ఒకటి, బుద్ధిమంతుడని పేరున్న ఒక లెక్కల మాస్టారిని నిండు వ్రతంలో, పురోహితుడి ఎదుట ఎలా ముంచేసిందో చెబుతాను. ముంచేసిందంటే మాటవరసకి అన్నానని అనుకోకండి. తడి కూడా ఉంది.

తొంభైల చివరి సంగతి. అప్పట్లో రాజమండ్రిలో ఏ గేటు తీసినా తెల్లబొచ్చు ఉండ ఒకటి కీచుమంటూ మీదికి దూకేది. మా ఇంట్లోనే లేదని మా ఆవిడ ఉమకి బెంగ. ఆ బెంగ తీర్చడానికి కాకినాడ నుంచి మా బావమరిది యాపిల్ పళ్ల అట్టపెట్టెలో ఒకదాన్ని పెట్టుకుని బస్సులో దిగాడు. పేరు లక్కీ అని కూడా అతనే పెట్టాడు. ఎవరి అదృష్టమో చెప్పలేదు.

"దీనికి అన్నీ తెలుసు బావగారూ. మీరేం నేర్పక్కర్లేదు" అని చెప్పి, కాఫీ తాగి, వచ్చిన బస్సులోనే వెళ్లిపోయాడు.

అన్నీ తెలుసన్న మాట నిజమే. నా దిండు తెలుసు. నా చెప్పు తెలుసు. నేను దిద్దాల్సిన ఆన్సర్ పేపర్ల కట్ట ఏ బల్ల కింద ఉంటుందో మరీ బాగా తెలుసు. తెలియనిదల్లా గుమ్మం అవతల ఏం చెయ్యాలన్నదే. తెల్లారగానే లుంగీ ఎగ్గట్టి పెరట్లోకి తీసుకెళ్లేవాణ్ణి. ప్రతి కొబ్బరిచెట్టు మొదలూ ఇల్లు కొనడానికి వచ్చిన పెద్దమనిషిలా పరిశీలించేది, నాకేసి చూసేది, ఆవలించేది. సరే రాదేమోలే అని లోపలికి తెస్తే, గడప దాటిన మరుక్షణం చాప మీద పని కానిచ్చేది. కుక్క తోక వంకర అంటారు గానీ, తోక ఎంత వంకరగా ఉన్నా నాకు పేచీ లేదండి. నా పేచీ అంతా ఆ కాలుతోనే.

ఇక మా ఇల్లుగలావిడ గురించి చెప్పాలి. మాణిక్యాంబ గారు. ముందు వాటాలో ఆవిడా, వెనక వాటాలో మేమూ. ఉప్పు ప్యాకెట్టు కూడా కడిగి లోపల పెట్టుకునే మనిషి. ఆవిడ వసారా గచ్చు మీద అన్నం పెట్టుకు తినేయవచ్చు. ఆ పెరట్లో నడివేసవిలో కూడా అడుగంటని బావి ఉంది. అంతకుముందు మేమున్న ఇంట్లో నీళ్లు లేక ఉమ వీధి చివర కుళాయి దగ్గర బిందె పెట్టుకుని, నోరున్నవాళ్లందరితోనూ పోట్లాడి నీళ్లు తెచ్చేది. అందుకే ఈ బావిని చూసిన రోజున దానికి పసుపూ కుంకుమా పెట్టి దండం పెట్టుకుంది.

లక్కీ ఒకరోజు ఆవిడ వసారాలో ఆరబెట్టిన మడిబట్ట అంచు తడిపింది. మాణిక్యాంబ గారు అరవలేదు. నన్ను పిలిచి, మీ వల్ల మాకేం ఇబ్బంది లేదండి అంటూ మొదలుపెట్టి, ఇంకొక్కసారి ఆ కుక్క ఇల్లు తడిపిందంటే సామాను సర్దుకోండి అని ముగించారు. ఉమ నాతో అంతకన్నా తక్కువ మాటల్లో చెప్పింది.

"ఈ బావి పోతే మళ్లీ కుళాయి దగ్గరికి నేను వెళ్లను. మీరే వెళ్లాలి."

దాంతో నాకు పౌరుషం వచ్చింది. ఊళ్లో పేరున్న కాలేజీలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పేవాణ్ణి. ఎంత మొద్దు బుర్రకైనా త్రికోణమితి ఎక్కించినవాణ్ణి. కిలోన్నర కుక్కకి ఈ మాత్రం ఎక్కించలేనా అనుకున్నాను. సమస్యని బ్లాక్ బోర్డు మీద లెక్కలా విడదీశాను. కుక్కకి హద్దు తెలియడం లేదు కాబట్టి హద్దు గీసి చూపించాలి. ఎంత తేలికో చూడండి. ఇంత తేలికైన సమాధానం వచ్చినప్పుడు లెక్క తప్పయి ఉంటుందని నా శిష్యులకి నేనే చెబుతాను. నాకు చెప్పేవాడు లేకపోయాడు.

పెరటి మూల మునగచెట్టు కింద నేల చదును చేసి, ఉమ ముగ్గుపిండి డబ్బా తెచ్చి, తెల్లగా ఒక చతురస్రం గీశాను. చుట్టూ నాలుగు ఇటుకలు పెడితే సరిపోదా అని ఉమ అడిగింది. ఇటుక నల్లగా మాసిపోతుంది, తెల్లగీత ఆమడ దూరానికి కనిపిస్తుందని కొట్టిపారేశాను. ఆ ఒక్కమాటా విని ఉంటే ఈ కథ లేదు. భార్య మాట వినని ప్రతిసారీ నాకు ఒక కథ మిగిలింది.

గిరి గీశాక లంచం కావాలి. బిస్కెట్టు వాసన చూసి మొహం తిప్పుకుంది. రొట్టె ముక్క ముట్టలేదు. చివరికి మా అత్తగారు ఆత్రేయపురం నుంచి పంపిన పూతరేకుల డబ్బా తెరిచేసరికి రెండు కాళ్ల మీద నిలబడింది. అల్లుడి కోసం వచ్చిన పూతరేకులండి అవి! నేను పెదాలు తడుపుకుంటూ చూస్తుంటే, గిరిలో పని కానిచ్చిన ప్రతిసారీ అది ఒక ముక్క తిని, మూతికంటిన చక్కెరని తీరిగ్గా నాక్కునేది. నా కడుపు మండిందా అంటే మండింది. కానీ పాఠం ఎక్కింది. చాప పొడిగా ఉంది. పేపర్ల కట్ట పొడిగా ఉంది. వాన పడి గీత చెరిగిపోతే లక్కీ ఆ చోటు దగ్గర కూర్చుని, నేను వచ్చి మళ్లీ గీసేదాకా మూలుగుతూ ఉగ్గబట్టుకునేది. ఎంత క్రమశిక్షణో చూశావా అని ఉమతో మురిసిపోయాను. అది గుర్తుపట్టింది మునగచెట్టునో మూలనో కాదని, గీతనేనని, ఆ క్షణాన చిన్నపిల్లాడికైనా తట్టేది.

మాణిక్యాంబ గారు కూడా మెచ్చుకున్నారు. మాస్టారి చేతిలో పడితే మట్టిముద్దయినా పాసవుతుందని పక్కింటివాళ్లతో అన్నారట. ఆ మాట నా చెవిన పడ్డాక నేను నేల మీద నడవలేదు. ఆ ఊపులోనే, అంతవరకూ లారీల భయంతో పెరడు దాటనివ్వని కుక్కని, గొలుసు వేసి వీధిలోకి ఊరేగింపుగా తీసుకెళ్లాను.

ఎప్పుడు తీసుకెళ్లానంటారా? ధనుర్మాసంలో. పొద్దున్నే.

గోదావరి జిల్లాల్లో ఆ నెలలో వీధి ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ప్రతి గుమ్మం ముందూ కళ్లాపి జల్లి, ఒకళ్లని మించి ఒకళ్లు వేసిన ముగ్గులు. రథాలు, పద్మాలు, నెమళ్లు. లక్కీ గేటు బయట ఒక్క క్షణం ఆగిపోయింది. పూతరేకుల దుకాణం చూసిన పిల్లాడి మొహం పెట్టింది. తర్వాత గొలుసుతో సహా నన్ను లాక్కుపోయి, కిరాణా కొట్టువారి నెమలి మెడ మీద కాలెత్తింది. ఎత్తి, దించి, నా చేతికేసి చూసింది.

నేను అదిలించి ముందుకు లాగాను. పక్కింటి పద్మం మీద మళ్లీ ఎత్తింది. మళ్లీ నా చేతికేసి చూసింది. కిరాణా కొట్టువారి కోడలు ముగ్గుగిన్నె పట్టుకుని అదంతా చూస్తూనే ఉంది. చాలా మర్యాదగా అడిగింది.

"మీ ఇంట్లో పెరడు లేదాండి మాస్టారూ?"

అప్పుడు వెలిగింది నాకు. నేను కుక్కకి పెరట్లో పొయ్యమని నేర్పలేదు. ముగ్గులో పొయ్యమని నేర్పాను. ఆంధ్రదేశంలో ముగ్గు లేని గుమ్మం ఎక్కడుంది? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నా శిష్యుడు ఇంట గెలిచి, వీధి వీధంతా రచ్చ చేసి వచ్చాడు.

దాన్ని చంకలో ఇరికించుకుని ఇంటికి పరుగెత్తాను. నేర్పినవాడికి మాన్పించడం రాదా అనుకుని గిరిని నీళ్లతో కడిగేశాను. లక్కీ ఆ తడినేల పక్కన బైఠాయించి, పొట్ట ఉబ్బిపోయేలా బిగబట్టుకుని, వీధి చివరికి వినబడేలా ఏడుపు లంకించుకుంది. దాని మొండితనం ముందు నా మొండితనం ఏపాటిది? కాలేజీ వేళకి నేనే పళ్లు నూరుకుంటూ వచ్చి మళ్లీ గీశాను. ఈ సంగతి ఉమకి చెప్పలేదు. మాణిక్యాంబ గారికి అసలే చెప్పలేదు. మట్టిముద్దని పాస్ చేయించిన మాస్టారు పేరు చెడగొట్టుకుంటాడా?

అంతలో మాణిక్యాంబ గారి అబ్బాయికి కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. ఆ సంతోషంలో సత్యనారాయణ వ్రతం పెట్టుకుని వీధి వీధినంతా పిలిచారు. హాలు మధ్య బియ్యప్పిండితో పద్మం వేసి, దాని మీద పీట, పీట మీద కలశం. ఆ పద్మం చూసేసరికి నా ప్రాణాలు సగం పోయాయి. తిన్నగా పెరట్లోకి వెళ్లి లక్కీని మునగచెట్టుకి రెండు తాళ్లతో కట్టేసి వచ్చి కూర్చున్నాను.

కథ సగంలో ఉండగా లక్కీ ఏడుపు మొదలుపెట్టింది. పురోహితుడు గొంతు పెంచాడు. అదీ పెంచింది. మాణిక్యాంబ గారికి జాలి వేసింది.

"పాపం దాన్నెందుకు కట్టేశారు మాస్టారూ? బుద్ధిగల కుక్క. లోపలికి రానివ్వండి."

"వద్దండి" అన్నాను.

"ఏం?"

ఏం చెప్పను? ఈలోగా ఉమ, పాపం ఏమీ తెలియనిది, వెళ్లి తాళ్లు విప్పేసింది.

లక్కీ దర్జాగా లోపలికి వచ్చింది. చాప తొక్కలేదు. పట్టుచీర అంచుల్ని తప్పుకుంది. ప్రసాదం గిన్నెలకేసి కన్నెత్తి చూడలేదు. అందరూ మెచ్చుకోలుగా చూస్తున్నారు. నేను లేచి దాని మీదికి దూకబోయాను గానీ, నా ముందు కూర్చున్న స్థూలకాయుడు అడ్డం. అది నేరుగా పద్మం దగ్గరికి వెళ్లి, ఒక రేకు ఎంచుకుని, కాలెత్తి, నిదానంగా, నేను నేర్పిన పద్ధతిలోనే పని పూర్తి చేసింది. పురోహితుడు కథలో ఏ అధ్యాయంలో ఉన్నాడో మర్చిపోయాడు. లక్కీ మాత్రం ఏమీ మర్చిపోలేదు. అంత జనంలో నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఎదురుగా కూర్చుని, ముందు కాళ్లు రెండూ ఎత్తింది.

"ఏంటి మాస్టారూ, ఏదో అడుగుతోంది?" అన్నారు మాణిక్యాంబ గారు.

"పూతరేకండి."

"పూతరేకేంటి?"

"ముగ్గులో పోస్తే పెడుతుంటానండి."

కిరాణా కొట్టువారి కోడలు, అదా సంగతి అన్నట్టు తల ఊపింది. ఉమ నాకేసి చూసిన చూపు గురించి రాయను. ఈ పత్రిక ఆడపిల్లలు కూడా చదువుతారు.

హాలంతా కడిగారు. పసుపునీళ్లు జల్లారు. కలశం మార్చి, వినాయకుడి పూజ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టారు. భోజనాలకొచ్చిన వీధి జనమంతా ఆకలితో నన్నే చూస్తూ కథ రెండోసారి విన్నారు. అంతా అయ్యాక మాణిక్యాంబ గారు ప్రసాదం తెచ్చి నా చేతిలో పెట్టి, నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు.

"ఇంకొక్క అవకాశం ఇవ్వండి. ఈ కుక్కని రేపే కాకినాడ పంపించేస్తానండి" అన్నాను.

"కుక్కెందుకు వెళ్లాలండి? దానికి ఏం చెప్పారో అదే చేసింది. దాన్ని నాకు వదిలేసి మీరు వెళ్లండి. దానికైతే మళ్లీ నేర్పుకోగలను. మీకు నేర్పే ఓపిక నాకు లేదు."

అలాగే జరిగింది. మా సామాను రిక్షాలకెక్కుతుంటే లక్కీ ఆవిడ వసారా మెట్టు మీద కూర్చుని చూసింది, కనీసం తోకైనా ఊపకుండా. ఉమ దానికోసం ఏడ్చింది. నాతో మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది. కొత్తింట్లో కుళాయి వీధి చివర. బిందె ఎవరు మోశారో అడక్కండి. ఇంకా మండేదేమిటంటే, మాణిక్యాంబ గారు కొద్దిరోజుల్లోనే ఆ కుక్కకి కొబ్బరిచెట్టు మొదలు చూపించి నేర్పేశారట. పూతరేకు ముక్క ఒక్కటి కూడా ఖర్చు కాలేదట.

కాబట్టి గోదారి నీళ్లు దోసిట్లో పట్టి, సూర్యుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నాలుగు కాళ్ల ప్రాణికి పాఠం చెప్పను. రెండు కాళ్లవాళ్లకి చెప్పడం కూడా మానేద్దును గానీ, వాళ్లు నేను చెప్పింది ఒక్కటీ నేర్చుకోరు కాబట్టి దేశానికి ప్రమాదం లేదు.