గడప దగ్గరే చెప్పాల్సిన మాట

ఎనభైల మధ్యలో హైదరాబాద్‌లో ఒక పంపుల ఫ్యాక్టరీకి కొత్తగా మేనేజర్నయ్యాను. నాకు పని నేర్పిన ఫోర్‌మన్ యాదగిరి గారిని తీసేయడం యాజమాన్యం అప్పగించిన తొలి పని. ఆయన ముఖం చూసి ఎలా చెప్పాలో తోచక నిద్ర పట్టేది కాదు. నా అవస్థ చూడలేక మా డైరెక్టరే నన్ను బొంబాయిలో రాజలింగం గారి దగ్గరికి పంపాడు. సింగపూర్‌లో, నైరోబీలో కంపెనీలు నడిపి రిటైరై, మాలాంటి అధికారులకు మెళకువలు నేర్పుతుండేవారు. శనివారం రాత్రి రైలెక్కితే మర్నాటి మధ్యాహ్నానికి చేరాను.

ఏసీ గదిలో పాఠం ఉంటుందనుకున్నాను. ఆయన చర్చిగేట్‌లో కలిసి, లోకల్ రైల్లో గ్రాంట్ రోడ్‌కు తీసుకెళ్లారు. అక్కణ్ణుంచి నడిస్తే ఇరవై నిమిషాలే గానీ ఎండకు జడిసి టాక్సీ ఎక్కాం. కామాఠీపురా అనగానే, వేశ్యావాడగా పేరుపడ్డ చోటు కనుక, డ్రైవర్ అదోలా నవ్వాడు. "హమారా ఘర్ హై ఉధర్, భాయ్," అన్నారు రాజలింగం గారు, అక్కడ మా ఇల్లుందని. డ్రైవర్ నవ్వు ఆపేశాడు. కాసేపటికి ఆయన నావైపు తిరిగి, "యాదగిరికి ఎట్ల చెప్తవ్?" అని అడిగారు. మంచి హోటల్‌కు తీసుకెళ్లి, భోజనమయ్యాక చెబుదామనుకుంటున్నానన్నాను.

టాక్సీ ఒక చాల్ ముందు ఆగింది. చాల్ అంటే పొడవాటి వరండాలోకి తెరుచుకునే ఒంటిగదుల వరస. రెండో అంతస్తులో ఆయన అక్క బాలమ్మ గది. తాతల కాలంలో పాలమూరు నుంచి ఇళ్లు కట్టే కూలికి వచ్చిన కుటుంబం. "కూసో బిడ్డా," అంటూ జొన్నరొట్టె, ఎర్రకారం పెట్టింది. తింటుండగా మేస్త్రి సాయన్న వచ్చి గడప బయటే నిలబడ్డాడు. బాలమ్మ చాయ్ అందించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దొదినె, ముందుగాల మాట జెప్పనియ్యి."

బాలమ్మ ముఖం పాలిపోయింది. చెడ్డమాట తెచ్చినవాడు అది చెప్పేదాకా ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టడట.

"మల్లేశా," అన్నాడు సాయన్న, మాతోపాటు తింటున్న ఆమె కొడుకుతో, "పరంజా మీదికి నిన్నిగ తీస్కపోను. నీ చేతులు వణుకుతున్నయ్. పడితే నీ పెండ్లానికి నేనేం జెప్పాలె?"

"ఇన్నేండ్లు నీ వెంబడి తిరిగితి గదనే! ఇదా నువ్వు జేసేది?" మల్లేశ్ లేచి నోటికొచ్చినట్టు తిట్టాడు. సాయన్న గడప దగ్గర్నుంచి కదల్లేదు. తిట్లయ్యాక, "కింద సిమెంటు మాలు కలిపే పని జూస్త. దొరుకుతదని మాటియ్యలేను," అని మెట్లు దిగాడు. బాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వరండాలోకి వచ్చాక రాజలింగం గారన్నారు: "ఏ దేశంలనైనా పనిల నుంచి తీసేసే మాట మంచిగ తినబెట్టే చెప్పిన. మన తిండి తిన్నోడు మనల్ని తిట్టలేడు. అందుకే పెట్టిన." సాయన్న దిగిన మెట్లవైపు చూస్తూ మళ్లీ అన్నారు: "నా దగ్గర ఇంకో పాఠం లేదు."

ఆ గల్లీలకు వెళ్లేవారు ఆదివారం వెళ్లండి, పనులకు సెలవు కనుక మనుషులు దొరుకుతారు. కెమెరా మాత్రం సంచిలోంచి తీయకండి. ఇక నా సంగతంటారా, ఊరు చేరిన సాయంత్రమే యాదగిరి గారింటికి వెళ్లాను. పని పోవడాన్ని ఆపే శక్తి నాకు లేకపోయింది, ఆ దుఃఖం ఇప్పటికీ ఉంది. గుమ్మంలో నిలబడే చెప్పాను. వేలు పట్టి పని నేర్పిన మనిషి నన్ను పేరుపెట్టి తిట్టాడు. చివరిదాకా విన్నాను. ఆయన తలుపేసుకున్నాకే కదిలాను.