బొబ్బిలిలో దొరకని ఎలక

ఒక్క బటన్ నొక్కి రెండు జిల్లాల్లో ఇరవై రెండు సెంటర్లను పడుకోబెట్టిన ఘనుణ్ణి నేను. మీరు నవ్వండి, పర్వాలేదు. నాకు మాత్రం ఇప్పటికీ తలెత్తుకోవాలంటే సిగ్గే.

పదేళ్ల కిందటి మాట. విజయనగరంలో మా ఆఫీసు. హాల్‌టికెట్లు, దరఖాస్తులు తీసిపెట్టే ఇంటర్నెట్ సెంటర్లు మావి. ఒక్కో సెంటర్లో ఒక సర్వర్. వాటన్నిటి సెట్టింగులూ నా ముందున్న ఒకే తెర మీంచి మార్చొచ్చు. అక్కడ కూర్చుంటే నాకు నేనే జమీందారులా అనిపించేవాణ్ణి.

మా యజమాని అప్పలనాయుడు గారివి రెండు నియమాలు. ఏ మార్పైనా ముందు కొత్తవలస సర్వర్‌కి పంపి అరగంట చూడాలి. రాహుకాలంలో ఏదీ మొదలెట్టకూడదు.

ఆ రోజు పని, వైరస్‌లు రాకుండా సర్వర్లకు అక్కర్లేని దారులన్నీ మూసేయడం. పదకొండుకల్లా అయిపోవాలన్నారు. రోజుకో కాగితం చింపే గోడ క్యాలెండర్ చూశాను. శుక్రవారం! పదిన్నరకే రాహుకాలం, గడియారంలో పదీ ఇరవై ఐదు. ఇంక కొత్తవలస ఎక్కడ? 'అన్నిటికీ' అని టిక్కు పెట్టి నొక్కేశాను.

తెర మీద పచ్చ చుక్కలు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. మూసిన దారుల్లో, సెంటర్లకు నెట్టు వచ్చే దారీ, నేను ఆ సర్వర్లను చేరే దారీ కూడా ఉన్నాయండీ! తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకుని వీధిలో నిలబడ్డవాడిలా అయింది నా పని.

ఫోన్ మోగింది. బొబ్బిలి సెంటర్ నడిపే పార్వతక్క.

"తమ్ముడూ, ఏటిది? నెట్టు సచ్చిపోనాది. ఇరవై మంది పిల్లలు హాల్‌టికెట్లకి నిల్సున్నారు. రేపు పొద్దున్నే ఇశాపట్నంలో పరీచ్చ. రెండింటి బండి ఎక్కాల!"

నిజం చెప్పొచ్చుగా? నోరు రాలేదు. "ఎలక వైరు కొరికేసుంటాదక్కా, సూడు," అన్నాను.

"ఎలకా? ఒరే పిల్లలూ, బీరువా జరపండ్రా!"

గంట తరవాత మళ్లీ ఆవిడే. "బల్లలన్నీ తిరగేసినాం. ఎలకా నేదు, దాని తోకా నేదు. ఇక్కడొక పిల్ల ఏడుస్తన్నాది, ఏటి సెయ్యమంటావు?"

ఆ ఏడుపు నాకూ వినిపించింది. చెవులు భగ్గుమన్నాయి.

"అక్కా, ఎలక నేదు. తప్పు నాదే. నాను సెప్పినట్టు సర్వర్ కీబోర్డు మీద కొట్టు."

కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది. తరవాత "సెప్పు," అంది, అంతే. తిట్టినా బాగుండేది. అక్షరం అక్షరం చెప్పాను, కొట్టింది. ఒంటిగంటకి బొబ్బిలి పచ్చబడింది. పిల్లలు పరిగెత్తుకుంటూ వెళ్లి బండి అందుకున్నారట. మిగతా సెంటర్లకీ అదే పాఠం చెప్పేసరికి నా గొంతు పోయింది.

సాయంత్రం నాయుడు గారు పిలిచారు. "కొత్తవలసలో ముందు ఎందుకు సూడనేదురా?"

"పదిన్నరకి రాహుకాలం వచ్చేస్తాదని... శుక్రవారం కదండీ."

"శుక్రవారమేటి? ఈవేళ గురువారం. రాహుకాలం ఒంటిగంటన్నరకి! రోజూ పొద్దున్నే కాయితం నానే సింపుతాను. మరి ముందే ఒకటి సింపినోడెవడు?"

మెల్లిగా నా బల్ల వైపు చూశాను. దాని మీద బుధవారం కాగితం నూనెతో మెరుస్తోంది. ముందురోజు సాయంత్రం మిరపకాయ బజ్జీలు పెట్టుకోడానికి చింపింది నేనే.

ఆనాడే ఒట్టేసుకున్నాను. కొత్తవలసను అడగకుండా బటన్ ముట్టను. బజ్జీలకు అరచెయ్యి కాలినా సరే, క్యాలెండర్ జోలికి పోను. పాపం, ఏ ఎలక మీదా నేరం మోపను. మోపినా లాభం లేదు. బొబ్బిలిలో ఎప్పుడు నెట్టు ఆగినా పార్వతక్క నాకే ఫోన్ చేస్తుంది.

"తమ్ముడూ, ఈవేళ ఎలక డ్యూటీకొచ్చినాదా?"