ఎరువుల కొట్టు గోడ మీది నీడలు

నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా బోర్డు మీది అక్షరానికి నీడ నేర్పింది నేనే. అంతకుముందు మా వైపు అక్షరాలు గోడకు అంటుకుని పడుకునేవి. వాటిని లేపి నిలబెట్టాను.

జగ్గయ్యపేటలో నేను కుర్రతనంలో రంగులేసిన ఎరువుల కొట్టు గోడకు సున్నం కొట్టేస్తున్నారని కబురొచ్చింది. పాత బోర్డుల మీద పుస్తకం రాస్తున్న బెజవాడ లెక్చరరమ్మ ముందుగా ఫొటో తీసి, కింద ఆర్టిస్టు పేరు వేస్తుందట. ఇక ఇంట్లో ఎలా కూర్చుంటాను?

ఉదయం ఏడున్నరకు నందిగామలో బస్సెక్కాను. పక్కసీట్లో వీరులపాడు మిర్చి రైతు.

“పేటలో ఏం పని బాబాయ్?”

“నా అక్షరాల చివరిచూపుకి.”

“ఏం జబ్బండీ వాటికి?”

“సున్నం.”

“అయితే కష్టవేలెండి.”

దారంతా ఫ్లెక్సీలే. పుట్టినరోజుకీ, బిర్యానీ హోటలుకీ, సంతాపానికీ అవే గులాబీలు. నవ్వుకున్నాను గానీ, మేమూ తక్కువవాళ్లం కాదు. నీడ అక్షరం నేను కనిపెట్టలేదు, సినిమా పోస్టరు చూసి దింపాను. ఎరువుల కొట్టు రైతుకు హీరో మీసం, పక్కనున్న ఎద్దుకు హీరోయిన్ కళ్లు పెట్టేవాళ్లం.

ఎనిమిదిన్నరకు దిగి, స్టాండు బయట ఇడ్లీ తిని గోడ దగ్గరికి వెళ్లాను. సున్నం బకెట్‌తో కూలీ, కెమెరాతో లెక్చరరమ్మ.

“మొత్తం మీరే రాశారా మాస్టారూ?”

“ఆ” అనబోతూ చూస్తే, కుర్చీలో మార్తమ్మ. బోర్డు పనిలో నా జతగాడు, చనిపోయిన యేసుదాసు భార్య. ఆమెనూ పిలిచారన్నమాట.

“అక్షరాలు మా యేసుదాసువండి. నీడలు నావి” అన్నాను.

“ఎడమ సగంలో నీడ కుడికి, కుడి సగంలో ఎడమకి పడిందేంటి?”

“సగం పొద్దుటి ఎండ, సగం సాయంత్రం ఎండ.”

లెక్చరరమ్మ ఫొటో తీసి, శ్రద్ధగా రాసుకుంది. నేను టీకి వెళ్లొచ్చేసరికి గోడ తెల్లబడింది.

పదకొండు గంటల బస్సులో మార్తమ్మా నేనూ తిరుగు ప్రయాణమయ్యాం. గోడ పోయినా పనివాడి పేరు నిలిచింది, అది చాలు అనిపించింది. ఆ మాటే పైకన్నాను.

“నిలిచింది నా పేరు అన్నయ్యా. నువ్వు టీకెళ్లినప్పుడు రాయించా. ఆయనకి చదువెక్కడొచ్చు? సుద్దతో నేను గీస్తే రంగు నింపేవాడు. నువ్వేమో నిచ్చెన నడిమజ్జెన వేసుకుని, జరపడానికి బద్ధకించి, చెయ్యి అందిన వైపల్లా నీడేశావు. ఎండంట, ఎండ.”