స్పాంజి ఉతికిన ఆదివారం

అక్వేరియంలో స్పాంజిని ఉతికింది నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసేదాన్నే గానీ, ఆ ఆదివారం పేజీలో "ఇల్లు సర్దాను" అని మాత్రం రాసి ఊరుకున్నాను.

భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ కాలనీలో మా క్వార్టర్ కిటికీల మీద తెల్లారేసరికి ఎర్రటి దుమ్ము పేరుకునేది. కనిపించిందల్లా కడగడం అమ్మకు అలవాటు, అదే నాకూ వచ్చింది. ఆ రోజు అమ్మ పక్క ఊరు కుమ్హారిలో చుట్టాలింటికి వెళ్ళింది. నాన్న మార్నింగ్ షిఫ్టుకు వెళ్ళాడు. గాలి బుడగలతో నీళ్ళను వడకట్టే ఆ స్పాంజి గోధుమరంగు జిగురు పట్టి అసహ్యంగా కనిపించింది. చేపల్ని బకెట్లోకి తీసి, స్పాంజినీ గులకరాళ్ళనూ బ్లీచింగ్ పౌడర్ కలిపిన వేడినీళ్ళలో నానబెట్టి, కుళాయి కింద జాడించాను. పాత నీళ్ళు పారబోసి, డ్రమ్ములో నిలవున్న నీళ్ళు పోశాను.

నాన్న వచ్చి, నీళ్ళు అద్దంలా ఉన్నాయని మురిసిపోయాడు. తను కొత్తగా పెట్టిన గాలి పంపు బాగా పనిచేస్తోందనుకున్నాడు. నేనే కడిగానని చెబితే పొగడ్త కోసం చెప్పినట్టుంటుందని సిగ్గేసింది.

తొట్టెలోని ఏడు చేపలూ అంటే నాన్నకు ప్రాణం. బొగ్గు కాల్చినప్పుడు వచ్చే గ్యాసులోంచి అమ్మోనియా తీసే చోట ఆయన పని. షిఫ్టు నుంచి రాగానే స్నానం చేసి, గాజుతొట్టె ముందు మోడా, అదే వెదురు పీట, వేసుకుని కూర్చునేవాడు. మాతో కంటే చేపలతోనే ఎక్కువ మాట్లాడేవాడు.

బుధవారానికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తూ గాలి కోసం తన్నుకోవడం మొదలుపెట్టాయి. గురువారం ఒకటి తేలింది, శుక్రవారం రెండు. కాలేజీలో పాఠం చెవికెక్కేది కాదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే లెక్కపెట్టేదాన్ని. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కాళ్ళు మళ్ళీ తొట్టె దగ్గరికే పోయేవి. మొప్పలు ఎంత వేగంగా ఆడుతున్నాయో గడియారం చూసి డైరీలో రాసుకునేదాన్ని.

నాన్న ఒక సీసాలో నీళ్ళు పట్టి ఎదురు క్వార్టర్ బాబాయికి ఇచ్చాడు. ఆయన ప్లాంటు లేబొరేటరీలో నీళ్ళు పరీక్ష చేస్తాడు. మర్నాడు సాయంత్రం వచ్చి, మందు చుక్కలు పడగానే నీళ్ళు టీ డికాషన్ రంగుకు తిరిగాయని చెప్పాడు.

"అమ్మోనియా, అన్నా. శానా ఉంది. ఎలాగొచ్చిందో మాత్రం నాకు తెలీదు."

అమ్మ అక్కడికక్కడే తేల్చేసింది. "ఇంకెలాగొస్తాది? రోజల్లా అందులోనే ములిగుంటారు. ఆ సేతుల్తోనే మేతేస్తారు. సావక ఏటి సేస్తాయి?"

బాబాయి నవ్వాడు. అమ్మ కూడా సగం ఎగతాళికే అంది. నాన్న నవ్వలేదు. అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు. అమ్మోనియా వాసన ఆయన ముక్కుకు తెలియడం ఎప్పుడో మానేసింది. తర్వాత పెరట్లో కుళాయి దగ్గర చాలాసేపు నిమ్మతొక్కతో చేతులు రుద్దుకున్నాడు. మర్నాటి నుంచి మేత డబ్బా ముట్టుకోలేదు, మేత వేసే పని నా మీద పడింది. మోడా గుమ్మం దగ్గరికి జరిగిపోయింది. అక్కణ్ణించే మెడ చాపి చూసేవాడు.

సోమవారం లైబ్రరీలో చేపల గురించి ఒక హిందీ పుస్తకం దొరికింది. నిలబడే చదివాను. చేపల మలమూ మిగిలిన మేతా నీళ్ళలో అమ్మోనియాగా మారుతాయట. నేను మురికి అనుకున్న ఆ జిగురులో దాన్ని తినేసే సూక్ష్మజీవులుంటాయట. వేడినీళ్ళూ బ్లీచింగూ తగిలితే అవి చస్తాయి, మళ్ళీ పెరగడానికి వారాలు పడుతుంది. ఇంటికి తెస్తే నాన్న కంటపడుతుందని ఆ పుస్తకాన్ని అక్కడే వదిలేశాను.

రెండు రోజులు మేత ఆపేశాను. రోజూ నాలుగోవంతు నీళ్ళు తీసి, ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళు పోశాను. అయినా ఇంకో రెండు పోయాయి. మిగిలిన రెండింటి కోసం తెల్లారగట్లే మెలకువ వచ్చేసేది. గుమ్మం దగ్గర నాన్నను చూసినప్పుడల్లా ఇవాళ చెప్పేద్దామనుకునేదాన్ని. చెబితే ఆయన తిట్టడు, అదే కష్టం. ఒక్క మాటతో మోడా మళ్ళీ తొట్టె ముందుకు వస్తుందని తెలుసు. అయినా బకెట్ తీసుకుని నీళ్ళు మార్చడానికి వెళ్ళిపోయేదాన్ని. పుస్తకంలో చదివింది మాత్రమే చెప్పొచ్చు కదా అనుకునేదాన్ని. అప్పుడు, మరి స్పాంజి ఎవరు ఉతికారని అడుగుతాడు.

నెల తిరిగాక బాబాయి మళ్ళీ పరీక్ష చేశాడు. ఈసారి నీళ్ళ రంగు మారలేదు. రెండు చేపలూ అడుగున రాళ్ళను పొడుచుకుంటూ తిరుగుతున్నాయి. నేను మేత డబ్బా తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళి నాన్నకు అందించాను. డబ్బా చేతికిచ్చి, వెంటనే చెప్పేయాలని వాక్యం కూర్చుకునే వెళ్ళాను.

"నాన్నా, నువ్వెయ్యి. ఆ ఆదివారం నేను..."

ఆయన డబ్బా అందుకోలేదు. చేతులు లుంగీకి తుడుచుకుని, వెనక్కి కట్టుకున్నాడు.

"వొద్దమ్మా. నీ సెయ్యి మంచిది, నువ్వే ఎయ్యి."