సముద్రానికి మోసిన నీళ్ళు

నన్ను కొచ్చికి పంపింది నా కూతురు. పని ఒక్కటే: మనవరాలిని ఇంటికి తీసుకురావాలి.

మనవరాలు బెంగళూరులో చదివి, ఆ తర్వాత ఎక్కడో తెరచాప పడవ నడపడం నేర్చుకుంది. ఇంకో నలుగురితో కలిసి గోవా నుంచి దిగి వస్తూ, కొచ్చిలో రెండు రోజులు ఆగుతామని ఫోన్ చేసింది. చిరిగిన తెర కుట్టించుకుని, కూరగాయలు నింపుకుని, అక్కడి నుంచి నేల కనబడని దారిలో దూరపు దీవులకు పోతారట. అది విన్నప్పటినుంచి నా కూతురికి ముద్ద దిగలేదు. "నువ్వు రమ్మంటే వస్తాదమ్మా. నా మాటైతే ఇనదు" అంది.

మా ఊరు బట్లహళ్ళిలో బస్సెక్కేటప్పుడు నా చేతిలో ఐదు లీటర్ల క్యాను ఉంది. మా బోరు నీళ్ళు తాగితే పళ్ళు పసుపెక్కుతాయి, మోకాళ్ళు పట్టేస్తాయి. అందుకే ఊళ్ళో నీళ్ళు శుద్ధిచేసే ఘటకంలో పట్టుకుని, పెళ్ళికి పోయినా ఆస్పత్రికి పోయినా మా నీళ్ళు మేమే మోసుకుపోతాం. కొచ్చి రైలు స్టేషన్‌లో మనవరాలు క్యాను చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"సముద్రానికి నీళ్ళు మోసుకొచ్చినావా అవ్వా?"

ఒడ్డుకు చేరాక క్యాను కింద పెట్టాను. వెయ్యి అడుగులు బోరు దించితే దుమ్ము లేచిన రోజులు నేను చూశాను. ట్యాంకరు దగ్గర వంతు కోసం జుట్లు పట్టుకున్నవాళ్ళం. ఇక్కడ చూపు ఆనినంత దూరమూ నీళ్ళే. కాపలా లేదు, వంతు లేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

పడవ ఉన్న చోటికి పాత గిడ్డంగుల మధ్య నడిచాం. నాచు పట్టిన గోడల్లోంచి ఇంకా మిరియాల వాసన వస్తోంది. వందల ఏళ్ళ కిందట ఈ మిరియాల కోసమే గాలిని నమ్ముకుని తెరచాప ఓడల్లో మనుషులు వచ్చేవారని మనవరాలు చెప్పింది. వాళ్ళను పంపిన తల్లులు ఏమనుకున్నారో అని నాకు తోచింది.

పడవ మేము పట్టుపురుగులు పెంచే ఇంటికంటే చిన్నది. ఎక్కే ముందు చెప్పులు గట్టుమీదే వదిలి కాళ్ళు కడుక్కున్నాను. పురుగుల ఇంట్లోకి బయటి మట్టి తీసుకుపోకూడదు, ముప్పై ఏళ్ళ అలవాటు అది. పడవ పెద్ద, నలభై దాటిన మలయాళీ ఆమె, నన్ను చూసి ఏదో అంది, మనవరాలు తెలుగులో చెప్పింది. చెప్పులు విడవమని వచ్చినవాళ్ళందరికీ చెప్పాల్సి వస్తుందట, చెప్పకుండానే విడిచినదాన్ని నేనేనట.

లోపలికి పోయాక మనవరాలు గిన్నెలు కడగసాగింది. ముందు ఉప్పునీళ్ళతో తోమింది, చివర అరగ్లాసు మంచినీళ్ళు చుట్టూ తిప్పి, అవే నీళ్ళు ఇంకో గిన్నెలో పోసింది. అన్ని నీళ్ళ మధ్య తాగడానికి ఉన్నవి కొలిచి వాడుకునే నీళ్ళేనట.

"ఎండాకాలంలో నువ్వు కడిగేది ఇట్లనే గదా అవ్వా" అంది.

ఇప్పుడే చెప్పాలనుకున్నాను. "మీ అమ్మ..." అన్నాను.

"తెలుసు. నువ్వు రమ్మంటే వస్తా. ఏల అని కూడా అడగను."

గిన్నె బోర్లించి నా ఎదురుగా కూర్చుంది. యాభై ఎనిమిదేళ్ళకు నేను పలక పట్టినప్పుడు, ఈ వయసులో ఎందుకని ఊరంతా అడిగింది. రెండో తరగతి చదివే ఈ పిల్ల మాత్రం అడగలేదు. నా పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించింది. ఇప్పుడు ఆ చేతుల్లో తాళ్ళ రాపిడికి కాయలు కాచి ఉన్నాయి.

కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది. నాకు భయం పోలేదు.

"ఈ క్యాను పెట్టను చోటుండాదా?" అని అడిగాను.

మనవరాలు లేచి, దొర్లకుండా క్యానును తెరచాప స్తంభానికి తాడుతో కట్టింది. ముడి బిగించి, రెండుసార్లు లాగి చూసింది.

తెల్లారి పడవ కదిలాక కూతురు ఫోన్ చేసింది, బయల్దేరినారా అని. నేనొక్కదాన్నే వస్తున్నానని, మన ఊరి నీళ్ళు దానికిచ్చి పంపానని చెప్పాను.

"ఐదు లీటర్లేనా?" అంది. "పెద్ద క్యాను ఏల తీస్కపోలేదమ్మా నువ్వు?"