మూడు ర్యాములూ చెడిపోయిన శనివారం

మొన్న శనివారం నేను చేసిన ఘనకార్యం వింటే, మీరెవ్వరూ ఇంక నా చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వరు!

అల్లూరులో రొయ్యల మేత అమ్ముకునే నాకు కంప్యూటర్‌తో ఏం పని చెప్పండి? మా ఆవిడ సుజాత స్కూల్ టీచరు. సోమవారానికల్లా క్వశ్చన్ పేపర్ ఇవ్వాల. టైపు చేస్తా ఉంటే ఉన్నట్టుండి స్క్రీన్ నీలంగా మారి, ఇంగ్లీషులో మెమరీ అని ఏదో చూపించి, సిస్టం ఆగిపోయింది. ఆన్ చేస్తే కాసేపటికి మళ్లీ అంతే.

"మెమరీ నిండిపోయినట్టుంది. నేనుండా గదా!" అని, ఆ కాసేపట్లోనే మా పెళ్లి వీడియో మొత్తం డిలీట్ చేసినా. (ఈ సంగతి ఆమెకింకా తెలీదు, మీరు చెప్పబాకండి!) అయినా ఆగిపోయింది.

నెల్లూరులో ఉండే మా బామ్మర్ది కిరణ్‌కి ఫోన్ చేసినా.

"అయ్యో బావా, ఆ మెమరీ వేరు, ఈ మెమరీ వేరు. లోపల రెండు గాడుల్లో, అదే స్లాట్లలో, స్కేలు ముక్కల్లాగా రెండు ర్యాములుంటాయి. ఒక్కోటే పెట్టి చూడు. ఏది పెడితే ఆగిపోతుందో అది పోయినట్టు."

మెమరీలో కూడా రకాలా! సరే, డబ్బా విప్పినా. మొదటిది పెడితే ఆగిపోయింది. అది తీసి రెండోది పెడితే అదీ ఆగిపోయింది. రెండూ ఒకేసారి ఎట్టా పోతాయబ్బా? బస్సెక్కి నెల్లూరు పోయి కొత్తది తెచ్చి పెట్టినా. అదీ ఆగిపోయింది! షాపాయనకి ఫోన్ చేసి అరిచినంత అరిచినా. ఈలోగా సుజాత తెల్లకాగితం తీసుకుని, పేపరు చేత్తోనే రాసేస్తా ఉంది.

మళ్లీ కిరణ్‌కే ఫోన్ చేసినా. "బావా, అన్నీ ఏ స్లాట్‌లో పెట్టినావు?"

"ఒకే దాంట్లో. రెండో స్లాటుకి వైర్లు అడ్డం ఉంటేనూ..."

"స్లాటే పోయుంటుంది బావా. పక్కదాంట్లో పెట్టు."

పెట్టినా. మూడు ర్యాముల్లో ఏది పెట్టినా బంగారంలా పనిచేస్తా ఉంది! విరిగిన మంచం మీద అందర్నీ పడుకోబెట్టి, అందరికీ నడుము పోయిందని తేల్చినానన్నమాట.

సాయంత్రం పక్కింటి భాస్కరన్న గుమ్మం దగ్గరికొచ్చి, "తమ్ముడు కంప్యూటర్ బాగుచేసినాడంట గదమ్మా. మాది కూడా ఒకసారి చూస్తాడేమోనని..." అన్నాడు.

"ఆయన ఇంట్లో లేరన్నా" అనింది సుజాత.

నేను ఆమె వెనకే నిలబడి ఉండా. "అవునన్నా, ఇంకా రాలేదు" అన్నా.