నాయన కాపురం ఏ ఊళ్ళో

పాప నిద్రపోయాక కూడా దాని ఊపిరి వింటూ కూర్చోవడం నాకు అలవాటు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. అది పుట్టిన కొత్తలో నాయన కూడా మా నంద్యాల ఇంట్లోనే, పక్క గదిలో మంచం మీద ఉండేవాడు. రెండు ఊపిరుల మధ్య నేను. పాలిస్తూ కునికేదాన్ని. కళ్ళు తెరిస్తే ఏది కలో, ఏది గదో కాసేపు తెలిసేది కాదు.

నాయన ఆళ్ళగడ్డలో శిల్పి. షెడ్డు, దాని వెనకే ఇల్లు. అమ్మ పోయాక ఆయనా అన్నా అక్కడే ఉండి విగ్రహాలు చెక్కేవారు. జబ్బు చేశాక ఆస్పత్రి దగ్గరని నాయన నా దగ్గరికి వచ్చాడు. వచ్చింది ఒళ్ళు మాత్రమేనేమో. మగతలో మా గది ఆయనకు షెడ్డుగా మారిపోయేది.

“ఆ రాయికి ఎండ తగులుతాంది, పక్కకు జరపండప్పా,” అనేవాడు. కిటికీ వైపు చూసి, “కొండ మింద మబ్బు పట్టింది,” అనేవాడు. మా కిటికీలోంచి కనిపించేది ఎదురింటి మిద్దె మీది నీళ్ళ ట్యాంకు. ఆయన చెప్పగా చెప్పగా అది నాకూ నల్లమలలా నీలంగా, దూరంగా కనబడేది. ఎక్కడినుంచో ఉలి చప్పుడు వినిపించేది. పాప గుండె చప్పుడేమోనని ఉలిక్కిపడి దాని మీద చెయ్యి వేసేదాన్ని.

ఒక వారం ఆయనకు అసలు నిద్ర పట్టలేదు. “నా ఉలులు యాడ?” అని ఒకటే అడగడం. ఫోనులో అన్నకు చెప్పాను. మర్నాడు పొద్దున్నే బండి మీద తోలుసంచి వేసుకుని వచ్చేశాడు. అందులో ఉన్నవి పనికి వాడే ఉలులు కావు, తాత నుంచి నాయనకు వచ్చినవి. వాటిని మావాళ్ళు ఇంట్లో మేకుకు తగిలిస్తారు. పనికి ఏ ఊరికి పోయినా వెంట తీసుకుపోరు. కాపురం మారితేనే ఆ సంచి గడప దాటుతుంది. అన్నకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. అయినా తెచ్చి నాయన చేతి కింద పెట్టాడు. నాయన ఒక్కొక్క ఉలినీ వేళ్ళతో తడిమి, సంచి మీద చెయ్యి ఉంచి నిద్రపోయాడు. ఆ నెలలోనే పోయాడు.

నాయన పేరు మీద బ్యాంకులో ఒక డిపాజిట్టు మిగిలింది. కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తెస్తే ఇస్తామన్నారు. అందులో సగం పాపకు కావాలన్నాను. ఇల్లూ షెడ్డూ అడగలేదు.

“ఆ సొమ్ములో నా చేతులు లేవా?” అన్నాడు అన్న. “నాయన విగ్రహానికి మొగం చెక్కితే పీఠం చెక్కింది నేను గదా మే.”

అది అబద్ధం కాదు. కానీ పాప దగ్గితే నాకు న్యాయాలు గుర్తుండవు. నేను నంద్యాల కోర్టులో అర్జీ వేశాను. నాయన కాపురం ఆళ్ళగడ్డలోనే, ఈ కోర్టుకు అధికారం లేదు అని అన్న అభ్యంతరం వేశాడు. మా లాయరు తేలిగ్గా చెప్పాడు: ఇలాంటి కేసు, చనిపోయిన మనిషి చివరికి ఎక్కడ కాపురం ఉన్నాడో ఆ ఊరి కోర్టు చూస్తుంది. వైద్యానికి వచ్చి ఉండటం కాపురం కాదు. కేసు ఆళ్ళగడ్డకు పోతే నేను వదిలేసుకోవాల్సిందే. డాక్టరు పాపను బస్సులో తిప్పొద్దన్నాడు. పాలు మాననిదాన్ని ఇంట్లో వదిలి వెళ్ళలేను.

కాగితాల మీద సంతకాలకని లాయరు మా ఇంటికి వచ్చినప్పుడు గోడకున్న సంచి చూసి ఏమిటని అడిగాడు. మా ఆచారం చెప్పాను. చెబుతూ చెబుతూ ఉండగానే ఆయన కళ్ళు మెరవడం చూసి ఆగిపోయాను. అప్పటికే చెప్పేశాను.

విచారణ రోజు పాపను భుజాన వేసుకుని వెనక బెంచీలో కూర్చున్నాను. ఫ్యాను గాలికి హాలంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు మెల్లగా ఊగుతోంది. అన్న బోనులోకి రాగానే మా లాయరు ఆ సంచి గురించే అడిగాడు.

“ఆ సంచి ఇంట్లోంచి ఎప్పుడు కదులుతాది?”

అన్న నా వైపు చూశాడు. “కాపురం మారితే, సార్.”

“ఎవరు తెచ్చినారు నంద్యాలకు?”

తెలీదంటే అయిపోయేది. చూసినవాళ్ళం మేమిద్దరమే.

“నేనే.”

“కాపురం మారిందనే గదా తెచ్చింది?”

“నాయనకు నిద్దర రాకుండె, సార్. తెచ్చినా.”

కేసు నంద్యాలలోనే నడుస్తుందన్నారు. నేను గెలిచాను. బయటికి వస్తుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు. సంతోషమైతే కాదు.

ఇంటికి వచ్చి పాపను పడుకోబెట్టేసరికి గుమ్మంలో అన్న.

“మీ వకీలు నన్ను నమిలి తినె. ఆయప్ప కడుపు నిండింది. నా కడుపు సంగతేంది?”

“సంగటి లేదు. కోర్టుకు పోయిన పొద్దు చిత్రాన్నమే.”

“గెలిచినోళ్ళ ఇంట్లో చిత్రాన్నమా! ఓడిపోయింటే ఏం పెడుతుంటివి?” అని గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

అప్పటి నుంచి ప్రతి వాయిదాకూ వస్తాడు. కోర్టులో ఎదురుపడితే పలకడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి తింటాడు, పాపను ఒళ్ళో వేసుకుని దాని అరచేతిలో వేలితో ఏవో గీతలు గీస్తాడు. దాని ఊపిరి అప్పుడు నేను వినను. ఇంట్లో ఇంకొకరు వింటున్నారన్న ధైర్యంతో కాసేపు కన్ను మూస్తాను. పగటి నిద్రలో నల్లమల కనిపిస్తుంది, షెడ్డు, రాతిపొడి, మేమిద్దరం చిన్నపిల్లలం.

ఈ రోజు లాయరు ఫోను చేశాడు. వచ్చే వాయిదాకు అంతా తేలిపోతుందట.

“ఇంకొక వాయిదా అడగొచ్చా సార్?” అన్నాను.

“చేతికొచ్చిన కేసుకు వాయిదా ఏందమ్మా? సరే, పాపకు బాగలేదని చెప్తాలే.”

ఆ మాట వినగానే పాప మీద చెయ్యి వేశాను.

“పాప పేరు ఎత్తొద్దు సార్,” అన్నాను. “నాకే జ్వరమని చెప్పండి.”